గంట తీసేసిన షెడ్డు

మా కోడలు సునీత మొన్న హాలు కిటికీకి కొత్త పరదా కట్టింది. తెల్లటి లేసు పరదా. పాలకొల్లు బజారులో కొన్నదట, చైనా సరుకు. ప్లాస్టిక్ సంచిలోంచి తీసినప్పటి ఘాటు వాసన ఇంకా వదల్లేదు. దగ్గరికి వెళ్ళి అంచు వేళ్ళ మధ్య పెట్టుకుని కిందిదాకా తడిమాను. జీవితమంతా లేసు అల్లిన వేళ్ళు నావి, కళ్ళకంటే అవే ముందు చదువుతాయి. పువ్వు పక్కన పువ్వు, అన్నీ ఒకేలా. ఎక్కడా చెయ్యి ఆగిన జాడ లేదు. చేత్తో అల్లిన లేసులో ఎక్కడో ఒకచోట తెలిసిపోతుంది, ఇక్కడ పిల్లాడు ఏడిస్తే లేచి వెళ్ళింది, మళ్ళీ వచ్చి కూర్చునేసరికి దారం కాస్త బిగిసింది అని. ఈ పరదాలో ఎవరూ మధ్యలో లేవలేదు.

అంతలో పక్కింటి సూర్యకాంతం గారు వచ్చి, "బాగుందే సునీతా. నువ్వే ఎంచుకున్నావా?" అని అడిగారు. సునీత జవాబు చెప్పేముందు ఒకసారి నావంక చూసింది. తర్వాత, "అత్తయ్యకి నచ్చిందండి" అంది. నచ్చిందా అని నన్ను ఎవరూ అడగలేదు. ఆ పరదా, ఆ చూపు కలిసి నన్ను దయామణి గారి దగ్గరికి తీసుకుపోయాయి. రెండు రోజులుగా ప్రార్థనలో కూర్చున్నా మనసు నిలవడం లేదు.

నేను బడికి వెళ్ళలేదు. అక్షరాలూ అమ్మే నేర్పింది, లేసూ అమ్మే నేర్పింది. నరసాపురం చుట్టుపక్కల మా ఊళ్ళలో ఆడవాళ్ళకి లేసు సూది వంటింటి గరిటె లాంటిది. పని తెమలగానే అరుగు మీదికి చేరి, పాటలు పాడుకుంటూ, ఊళ్ళో వాళ్ళ సంగతులు మాట్లాడుకుంటూ అల్లేవాళ్ళం. శనివారం నాడు అల్లినవన్నీ మూట కట్టుకుని దయామణి గారి ఇంటికి వెళ్ళేవాళ్ళం. ఆమె ఆ లేసును మద్రాసు కంపెనీకి పంపేవారు, అక్కడినుంచి అది విదేశాలకు పోయేది. భర్త పోయాక ఒంటిచేత్తో ఆ వ్యాపారం నిలబెట్టారు. అమ్మ కళ్ళకు శుక్లాలు వచ్చినప్పుడు రాజమండ్రి తీసుకెళ్ళి ఆపరేషన్ చేయించింది కూడా ఆమే. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు, మమ్మల్ని ఎత్తనివ్వలేదు. అందుకే ఆమె ఏం చెప్పినా నాకు మంచిమాటే.

తొంభైల చివర్లో మద్రాసు కంపెనీవాళ్ళు ఆమెను చైనా తీసుకెళ్ళారు, అక్కడ ఏదో పెద్ద ఎగుమతుల సంత జరుగుతుందని. తిరిగొచ్చిన శనివారం మా మూటలు విప్పనే లేదు. వసారాలో చాప మీద ఫొటోలు పరిచి కూర్చున్నారు.

"ఈ రోడ్డు చూడండి. మొన్నమొన్నటిదాకా ఇక్కడ చేపల చెరువులేనట. ఊరు ఊరంతా లేచి వేరేచోట కూర్చుంది. మన పోలవరం మాట నా పెళ్ళికి ముందునుంచీ వింటున్నాను, నా మనవలు కూడా వింటారు. అక్కడ పొద్దున అనుకుంటే సాయంత్రానికి పునాది పడుతుంది."

మాలో నోరున్న మనిషి కనకం. మా వీధిలోనే ఉండేది, తమాషాగా మాట్లాడేది. "మరి ఆ ఊరోళ్ళు ఏమన్నారండీ?" అంది.

"ఏమంటారే? ప్రభుత్వం లేవమంది, లేచారు. అనడానికేముంది?"

"మా ఆయన్ని అరుగు మీంచి లేచి లోపలికి రమ్మంటేనే గంటసేపు అంటాడండి."

అందరం నవ్వాం. దయామణి గారు నవ్వలేదు. "అందుకే మనం ఇలా ఉన్నాం" అన్నారు. సంచిలోంచి ఒక లేసు ముక్క తీసి నా ఒళ్ళో పడేశారు. "ఇది చూడు రాహేలూ. మన పువ్వే. మిషను అల్లింది. మనం దారం కొనే ధరకి వాళ్ళు లేసే ఇస్తున్నారు. ఇలాగే అరుగుల మీద కూర్చుంటే నాలుగేళ్ళలో మీ చేతులు ఖాళీ అయిపోతాయి."

ఆమె మమ్మల్ని భయపెట్టాలని అనలేదు. ఆమెకే భయం వేసింది. ఇన్ని ఊళ్ళ ఆడవాళ్ళ కూడు ఆ లేసులో ఉందని ఆమెకు తెలుసు. ఫొటోల్లో పనిచేసే ఆడపిల్లలు నీలం చొక్కాలు తొడుక్కుని, కాళ్ళకు బూట్లతో, వరసగా మిషన్ల ముందు నిలబడి ఉన్నారు. "అన్నం లేదన్న మనిషి నాకు ఒక్కరూ కనిపించలేదు" అని ఆమె అంటుంటే, మాకు కూడా అలాంటి రోజులు వస్తే బాగుండునని నేను నిజంగానే కోరుకున్నాను.

కాలవ గట్టున ఆమెకు పాత ధాన్యం గోడౌను ఒకటి ఉండేది. దానికి సున్నం వేయించి, ఫ్యాన్లు పెట్టించి, బల్లలు వేయించి లేసు షెడ్డు చేశారు. ఇక ఇళ్ళలో అల్లడం లేదు, అందరూ షెడ్డుకే రావాలి. ఒకామె పువ్వే అల్లాలి, ఒకామె ఆకే అల్లాలి, అతికేవాళ్ళు అతకడమే చేయాలి. పెద్ద గంట ఒకటి తగిలించారు. గంట కొడితే మొదలు, గంట కొడితే అన్నం. మాటలు వద్దన్నారు, మాట్లాడితే చెయ్యి తడబడుతుందని. పాటలు కూడా వద్దన్నారు. తన తమ్ముడి కొడుకు ప్రకాశాన్ని సూపర్‌వైజరుగా పెట్టారు. ప్రకాశం చెడ్డవాడు కాడు. గట్టిగా అరిచేవాడు కూడా కాదు. చేతులు వెనక్కి కట్టుకుని బల్లల మధ్య మెల్లగా తిరిగేవాడు. నీళ్ళకు లేవాలన్నా అతని వంక చూసేవాళ్ళం, తల ఊపితే లేచేవాళ్ళం.

మేలు జరగలేదని చెబితే అబద్ధమవుతుంది. ఫ్యాన్ కింద, మంచి వెలుతురులో కూర్చున్నాం. వారం వారం కూలి చేతిలో పడింది. మా ఇంటికి కరెంటు వచ్చింది ఆ డబ్బుతోనే, ఆ దీపం కింద అమ్మ ప్రార్థన చేసుకున్న మొదటి సాయంత్రం దయామణి గారి పేరు చెప్పి దేవుడికి కృతజ్ఞతలు చెప్పింది. అల్లినవన్నీ అచ్చు గుద్దినట్టు ఒకేలా వస్తున్నాయని మద్రాసువాళ్ళు మెచ్చుకున్నారు. అయినా నాకేమీ తోచేది కాదు. ఇంటికి వచ్చాక కూడా ఏదో మరిచిపోయి వచ్చినట్టు లోపలికీ బయటికీ తిరిగేదాన్ని. "ఏంటే ఆ తిరుగుడు?" అని అమ్మ అడిగేది. ఒకరోజు కాలవ గట్టున నడిచి వస్తూ కనకం అంది, "పొద్దుణ్ణుంచీ నోరు మూసుకుని మూసుకుని, ఇంటికెళ్ళాక మా ఆయన్ని తిడదామన్నా తిట్లు గుర్తు రావట్లేదే రాహేలూ." నవ్వాను గానీ, ఆ నవ్వు లోపలికి దిగలేదు.

షెడ్డు పెట్టిన రెండో ఏడు ఆమె మళ్ళీ చైనా వెళ్ళారు. ఈసారి వచ్చాక ఫొటోలు పరచలేదు. మర్నాడు అన్నాల గంట అయ్యాక, మేము మళ్ళీ బల్లల దగ్గర కూర్చున్న సమయంలో షెడ్డులోకి వచ్చారు. అందరినీ చూసుకుంటూ వచ్చి నా దగ్గర ఆగారు.

"ఏం రాహేలూ, అన్నం తిన్నావా?"

నేను ప్రకాశం వంక చూశాను. అతను తల ఊపాడు. "ఆయ్, తిన్నానండి" అన్నాను.

దయామణి గారి మొహం ఒక్కసారిగా మారిపోయింది. నేనేం తప్పు మాట్లాడానో నాకు అర్థం కాలేదు. ఆమె ఇంకేమీ అనకుండా వెనక్కి తిరిగి వెళ్ళిపోయారు. సాయంత్రం కనకాన్నీ నన్నూ ఇంటికి రమ్మని కబురు చేశారు.

వెళ్ళేసరికి వసారాలో నిలబడే ఉన్నారు. కూర్చోమన్నారు గానీ ఆమె కూర్చోలేదు. టీ ఇచ్చి, అటూ ఇటూ నడుస్తూ చెప్పారు. "అక్కడొక ఫ్యాక్టరీలో ఓ పిల్ల పని చేస్తోంది. మన షెడ్డులో పనిచేసే సునందకుమారి అంత ఉంటుంది వయసు. ముద్దొచ్చి, మీ ఊరేంటమ్మా అని దుబాసీ చేత అడిగించాను. ఆ పిల్ల నావంక చూడలేదు. అవతల నిలబడ్డ ఫోర్మన్ వంక చూసింది. అతను తల ఊపాక ఊరి పేరు చెప్పింది. ఊరి పేరు చెప్పడానికి కూడానా అనుకున్నాను. దారంతా అనుకుంటూనే వచ్చాను." ఆగి, నా వంక చూశారు. "ఇంటికొచ్చి నా షెడ్డులో నా రాహేలుని అన్నం తిన్నావా అని అడిగాను."

నేను తల వంచుకున్నాను. అంతవరకూ నేను అటు చూశానన్న సంగతి నాకే తెలియదు.

కనకం టీ గ్లాసు కింద పెట్టింది. "అమ్మగారూ, అప్పుడడిగానండి, ఆ లేచిపోయిన ఊరోళ్ళు ఏమన్నారని. ఈసారేమన్నా తెలిసిందాండీ?"

"ఒకే ఒక్క మాట తెలిసింది కనకం. నాకు దుబాసీగా వచ్చిన అమ్మాయి కారులో వెళ్తున్నప్పుడు కిటికీలోంచి చూపించి మెల్లిగా అంది, మా అమ్మమ్మ ఇల్లు ఈ రోడ్డు కింద ఉందండీ అని. మరో నిమిషానికి నా చెయ్యి పట్టుకుని, నేనిలా అన్నానని ఎవరితోనూ అనకండి అంది. అంతవరకూ ఆ రోడ్డు గురించి ఎంత గొప్పగా చెప్పిందో. ఆ గొప్పా అబద్ధం కాదు, ఈ మాటా అబద్ధం కాదు."

మర్నాడు ప్రకాశాన్ని సరుకు పంపే పనికి మార్చారు. షెడ్డు మధ్యలో చాప వేయించుకుని కూర్చుని, "ఇక్కడ ఏం మార్చాలో మీరు చెప్పండి" అన్నారు. ఎవరమూ చెప్పలేదు. ఒకళ్ళ వంక ఒకళ్ళం చూసుకున్నాం, గుమ్మం వంక చూశాం. ఆ మరుసటి రోజూ వచ్చి కూర్చున్నారు. ఆ రోజూ ఎవరూ నోరు విప్పలేదు. బిగించడం ఒక్కపూటలో అయిపోయింది గానీ, విప్పడం అంత సులువు కాలేదు. ఆ తర్వాతి రోజు కూడా ఆమె అలాగే, విసుక్కోకుండా, ఒళ్ళో లేసు సూది పెట్టుకుని కూర్చున్నారు. లోపలే ప్రార్థన చేసుకుని, ఎవరి వంకా చూడకుండా, నేలకేసి చూస్తూ అన్నాను, "ఆ గంట తీసేయండమ్మగారూ."

"ఫ్యాన్లు మాత్రం తీసేయకండమ్మా" అని వెనకనుంచి కనకం అందుకుంది.

అంతే, షెడ్డంతా నవ్వు. తర్వాత ఎంత గోలో. పిల్లలున్నవాళ్ళు ఇంటి దగ్గరే అల్లుతామన్నారు, మేము షెడ్డులోనే ఉంటామని ఇంకొందరు పోట్లాడారు, పాటలు కావాలన్నారు, కాదు తలనొప్పన్నారు. నిన్నటిదాకా నోరెత్తని మనుషులు ఆమె ముందే ఒకళ్ళనొకళ్ళు ఎద్దేవా చేసుకున్నారు. దయామణి గారు చెవులు మూసుకుని, "బాబోయ్, సంత కంటే ఘోరంగా ఉన్నారే" అన్నారు. కానీ లేచి వెళ్ళలేదు. ఆ సాయంత్రం గంట కిందికి దించి చర్చి పిల్లల బడికి పంపించారు.

ఆ తర్వాత బాగుపడ్డామని రాయడానికి నాకు ధైర్యం చాలదు. సరుకు మునుపటిలా వేళకు అందలేదు. ఒకటి రెండేళ్ళకు మద్రాసు కంపెనీ పెద్ద ఆర్డరు చైనాకే ఇచ్చేసింది. షెడ్డులో మనుషులు పలచబడ్డారు. కనకం రొయ్యల పరిశ్రమలో పనికి వెళ్ళింది. నోళ్ళు తెరిచాం కాబట్టే చేతులు ఖాళీ అయ్యాయని ప్రకాశం ఇప్పటికీ అంటాడు. గంట ఉన్నా ఆ మిషన్లను గెలవలేమని నేనంటాను. అతను చెప్పింది తప్పని చూపించడానికి మాత్రం నా దగ్గర ఏమీ లేదు. చివరి రోజుల్లో మంచం మీద ఉన్న దయామణి గారినే ఒకసారి అడిగాను, "మనం చేసింది సరేనాండీ?" అని. "నీకేమనిపిస్తోంది?" అని నన్నే తిరిగి అడిగారు. గదిలో ఆమె అక్కయ్య, పాస్టరు గారు, డాక్టరు గారు ఉన్నారు. నేను ఎవరి వంకా చూడలేదు. "సరేననిపిస్తోందండి. కానీ ఒక్కోరోజు నిద్ర పట్టదండి" అన్నాను. ఆమె నవ్వి, నా చెయ్యి నొక్కి, "నాకూ అంతే" అన్నారు. ఆ జవాబు నా నోట రప్పించినందుకు ఆమె పేరు చెప్పి ఈనాటికీ దేవుడికి కృతజ్ఞత చెప్పుకుంటాను.

నిన్న సునీతను పిలిచి అడిగాను. "లోపలి గది కిటికీకి కూడా పరదా కావాలిగా. ఏ రంగు తెద్దాం?"

ఆమె నావంక చూసింది. నేను మొహం తిప్పుకుని, కిటికీ అవతల కాలవలో తేలిపోతున్న గుర్రపుడెక్క వైపు చూస్తూ కూర్చున్నాను. మెడ నొప్పి పుట్టింది. తల తిప్పాలనీ, తెలుపు బాగుంటుందమ్మా అనాలనీ నాలుక చివరిదాకా వచ్చింది. పట్టుకుని కూర్చున్నాను.

"నారింజ రంగు కావాలండి అత్తయ్యా" అంది చివరికి.

ఆ రంగు నాకు బొత్తిగా పడదు. ఇవాళ తెచ్చి కట్టింది.