అరుగు మీద వాలుగ దవడ

నా ఆఫీసు సొరుగులో ఒక వాలుగ చేప దవడ ఉంది. ఎంత పాతదైనా గాలిలో చెమ్మ చేరితే చాలు, దాన్నుంచి సన్నటి నీచు వాసన వస్తుంది. ఎదురు గోడ మీద 'ఇక్కడ ఎవరైనా ఏదైనా చెప్పవచ్చు' అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. ఈ ఉదయం ఆ గోడ కిందే, చెడిపోయిన ఒక పని గురించి, ఇదెవరు చేశారని అడిగాను. నా కింద పనిచేసే ఆరుగురూ తలలు దించుకుని ఎవరి కంప్యూటర్ వాళ్ళు చూసుకున్నారు. ఆ నిశ్శబ్దం నాకు చిన్నప్పుడే తెలుసు.

పొందూరులో మా అమ్మమ్మ ఇంటి అరుగు మీద అయిదుగురు ఆడవాళ్ళు నూలు వడికేవారు. వాలుగ దవడకుండే సన్నటి పళ్ళతో పత్తి దువ్వి, ఏకులు చుట్టి, ఎండిన అరటి పట్టల్లో దాచుకునేవారు. వేసవిలో ముంజెలూ కాల్చిన జీడిపిక్కలూ, చలికాలంలో తేగలూ అందరూ పంచుకు తిని, చేతులు కడుక్కుని మళ్ళీ రాట్నాల ముందు కూర్చునేవారు. ఎవరైనా రావడం ఆలస్యమైతే ఆవిడ చోటు ఖాళీగానే ఉండేది. పోగు చిక్కుపడినా, ఏకులు తడిసినా, చేసినావిడ అప్పటికప్పుడు "నా సెయ్యే" అనేది. ఆ మాట వినగానే అన్ని రాట్నాలూ ఆగిపోయేవి, అందరూ లేచి వచ్చి చిక్కు విడదీసేవారు, ఎలా జరిగిందని ఒక్కరూ అడిగేవారు కాదు. పెద్ద నోరున్న మా అమ్మమ్మ కూడా ఆ తర్వాత దాని ఊసెత్తేది కాదు.

స్తంభం పక్కన కూర్చునే నీలమ్మత్త మాకు చుట్టం కాదు, అయినా నేను పెరిగింది ఆమె ఒళ్ళోనే. వాళ్ళమ్మ ఇచ్చిన దవడ ఆమెకు ప్రాణం. ఒక మధ్యాహ్నం అందరూ భోజనాలకు లేచినప్పుడు, రామతీర్థం తిరనాళ్ళలో కొన్న నా బొమ్మకి ఆ దవడతో ఎర్ర జుట్టు దువ్వాను. మూడు పళ్ళు విరిగాయి. గబగబా దాన్ని ఆమె అరటి పట్టలోనే పెట్టేశాను.

నీలమ్మత్త వచ్చి, వేలితో ఆ పళ్ళు తడిమి, దవడని అందరికీ కనబడేలా ఒళ్ళో పెట్టుకుంది. రాట్నాలు ఆగాయి.

"ఎవులే? సెప్తే అయిపోద్ది కదేటి," అంది అమ్మమ్మ.

తిడతారని కాదు నా భయం. ఇక ఒళ్ళో కూర్చోనివ్వదేమోనని. బొమ్మని వీపు వెనక దాచుకున్నాను.

మర్నాటి నుంచి ఎవరి దవడ వాళ్ళు గుడ్డలో చుట్టుకుని ఇంటికి పట్టుకుపోవడం మొదలుపెట్టారు. ఒకరి చేతులు ఒకరు అనుమానంగా చూసుకునేవారు. కొన్నాళ్ళకి నీలమ్మత్త రావడం మానేసింది. స్తంభం పక్కన ఆమె చోటు ఖాళీగానే ఉండిపోయింది. నేను అటు వెళ్ళడం మానేశాను. ఎవరూ లేని అక్కడి నుంచి రాట్నం చప్పుడు వినిపిస్తున్నట్టుండేది. ఇప్పటికీ అప్పుడప్పుడు వినిపిస్తుంది.

ఇన్నేళ్ళకి, కిందటి నెలలో, చెప్పేద్దామని వెళ్ళాను. నీలమ్మత్త పోయి అప్పటికే రెండు నెలలైంది. వాళ్ళమ్మాయి ఖాదీ గుడ్డలో చుట్టిన దవడ నా చేతిలో పెట్టింది.

"అమ్మ నీకే ఇమ్మంది. పళ్ళ సందున ఎర్ర యెంటిక దొరికిందట. ఆ గుంటపిల్లే ఒచ్చి సెప్తాది, సూడండి అనీది."

వచ్చే దారిలో అరుగు చూశాను. ఇనప గ్రిల్ బిగించి, లోపల మోటారు సైకిళ్ళు పెట్టుకున్నారు. రాట్నం ఒక్కటీ లేదు.

ఈ ఉదయం చెడిపోయిన ఆ పనిని సరిచూసి సరేనన్నది నేనే. అది తెలిసి కూడా ఆ ఆరుగురినీ అడిగాను. ఇప్పుడు సొరుగు తెరిచి, దవడ బల్ల మీద పెట్టి, "నా వల్లే జరిగింది" అన్నాను. ఆరుగురూ తలెత్తి చూశారు. ఆ తర్వాత ఏం చెయ్యాలో వాళ్ళెవరికీ తెలియదు. ఎవరైనా లేచి వస్తారేమో, ఒక్క కుర్చీ అయినా కదులుతుందేమోనని వింటూ కూర్చున్నాను.