దుప్పటి మామ మూసిన కిటికీలు

ఎవరు తుమ్మినా దుప్పటి పట్టుకొచ్చే మనిషి కాబట్టి, గుర్రపు స్వారీ నేర్పే ఆ బడిలో ఆయన్ను అందరూ దుప్పటి మామ అనేవారు. పిల్లలు, పంతుళ్లు, చివరికి మేనేజరు కూడా. ఇరవై ఆరేళ్లుగా అక్కడి ఎనిమిది గుర్రాల మేతా నీళ్లూ మామే చూస్తున్నాడు. అన్నిట్లోకీ ఆయన ప్రాణమంతా చివరి గదిలోని ముసలి ఆడగుర్రం మీదే. తేనెరంగు ఒళ్లు, నెమ్మది నడక. బడికి వచ్చిన ప్రతి పిల్లా మొట్టమొదట ఎక్కింది దాని వీపే. మామ దాన్ని "అమ్మాయీ" అని పిలిచేవాడు. ఇద్దరు కొడుకుల తర్వాత ఆడపిల్ల కోసం దేవుణ్ణి అడిగి అడిగి ఊరుకున్న మనిషి మరి.

ఆ ఏడు చలి మొదలవగానే అమ్మాయికి దగ్గు పట్టుకుంది.

మామ చివరి గది కిటికీలు రెండూ బిగించాడు. సందుల్లో గోనెసంచులు కుక్కాడు. కింద మోకాలెత్తు గడ్డి పరిచాడు. పైకప్పులో ఒక పెంకు స్థానంలో అద్దం ఉండేది. తెల్లవారగానే దాంట్లోంచి ఎండ ఏటవాలుగా దిగేది. మామ ఎండుగడ్డిని రెండు చేతులతో ఎగరేసి మెత్తగా చేసేవాడు. ఆ ఎండలో గడ్డిపొడి బంగారు నలకలై లేచి, ఎటూ పోకుండా తేలుతూ ఉండేది. అమ్మాయి నీళ్లడుగున నిలబడ్డట్టు, కలలో చూస్తున్నట్టు కనిపించేది. మామ కళ్లు సగం మూసుకుని, దేవుడి ముందు నిలబడ్డట్టే నిలబడేవాడు. తన చెయ్యి ఎక్కడ ఆగిందో, ఆ వెలుగు ఎక్కడ మొదలైందో కూడా ఆయనకు తెలిసేది కాదు.

"నేను దగ్గితే గ్లాసెడు నీళ్లు తాగమంటారు. ఆవిడగారు దగ్గితే ఇంట్లో దుప్పట్లన్నీ మాయం," అంది భార్య ఒకరోజు.

"నీకు నోరుంది, చెబుతావు. అది చెప్పలేదుగా!"

"ఉందిలెండి నోరు. వినే చెవులే లేవు."

ఎంత మూసినా దగ్గు తగ్గలేదు, ఇంకా పెరిగింది. గుర్రం ఊపిరి పీలిస్తే ముక్కుపుటాలు విచ్చుకునేవి, డొక్కలు లోపలికి గుంజుకునేవి. ఒకనాడు చిన్నపిల్ల వీపు మీద ఉండగా అది ఒళ్లంతా అదిరేట్టు దగ్గింది. పిల్ల జారి కింద పడబోయింది.

"నెలాఖరుదాకా చూస్తాను మామా," అన్నాడు మేనేజరు, ఆయన కళ్లలోకి చూడకుండా. "తగ్గకపోతే పంపించేద్దాం. కొండల అవతల ముసలి గుర్రాలను చూసుకునేవాళ్లు ఉన్నారట."

కొండల అవతలంటే మళ్లీ దాన్ని చూడడం కుదరదని మామకు తెలుసు. ఆ పూట ఇంకో గోనెసంచి తెచ్చి తలుపు కింద కుక్కాడు.

మర్నాడు పొద్దున్నే పశువుల డాక్టరమ్మ వచ్చింది. గుర్రం ఛాతీకి గొట్టం ఆనించి చాలాసేపు విన్నది. తర్వాత గడ్డిలో చెయ్యి దూర్చి గుప్పెడు తీసింది.

"వాసన చూడండి బాబాయ్."

"మట్టి వాసన. మంచిదేగా అమ్మా?"

"బూజు వాసన. తడి ఆరకుండానే మోపులు కట్టేసి ఉంటారు." ఆమె తలెత్తి ఎండవైపు చూపించింది. "అదిగో, మెరుస్తూ తేలుతోందే, అందులో బోలెడు బూజు పొడి ఉంది. ఇది పొద్దస్తమానం పీల్చేది ఆ గాలినే."

మామ ఆ గుప్పెడు గడ్డిని తన చేతిలోకి తీసుకున్నాడు. "మిగతా ఏడూ ఆ గడ్డే తింటున్నాయమ్మా. వాటికేం కాలేదే?"

"ప్రతి ఒంట్లోనూ ఒక కాపలావాడు ఉంటాడు బాబాయ్. దీని కాపలావాడికి చాదస్తం ఎక్కువ. ఉత్తరాలు తెచ్చేవాణ్ణి చూసినా దొంగ, దొంగ అని ఊరంతా లేపుతాడు. పొడి లోపలికి పోగానే ఆ గోలకు ఊపిరి గొట్టాలు వాచిపోతాయి, దారి సన్నబడుతుంది. మందిస్తాను. కానీ పొడి ఆగకపోతే ఏ మందూ నిలవదు." ఆమె గోడవైపు తిరిగింది. "ఈ కిటికీలు ఎవరు మూశారు?"

మామ చెయ్యి కిటికీ సందులోని గోనెసంచి మీదికి వెళ్లింది. ఆమెకు అర్థమైంది. మందలించలేదు. ఆయన భుజం మీద గడ్డిపరక ఉంటే మెల్లగా తీసేసింది. "చలికి భయపడకండి బాబాయ్. వీటికి దేవుడు కంబళి ఒంటిమీదే కుట్టి పంపాడు."

ఆ మాట మామ పూటంతా మోశాడు. గోనెసంచులన్నీ పీకేశాడు. గడ్డిని నీళ్లలో నానబెట్టి, కారుతుండగానే పెట్టడం, మిగిలితే వెంటనే పారబోయడం నేర్చుకున్నాడు. అమ్మాయిని మైదానం చివర, మూడువైపులా గోడల్లేని పాకలోకి మార్చాడు. కింద పరచడానికి గడ్డి వద్దు, కాగితం ముక్కలు చాలన్నది డాక్టరమ్మ. భార్య పాత పేపర్ల కట్టలు నెత్తిన పెట్టుకుని వచ్చి, పాకలో చతికిలబడి చింపుతూ కూర్చుంది.

"నువ్వెందుకొచ్చావే?"

"మీ అమ్మాయికి పరుపు వేస్తున్నా. మీరు నోరు మూసుకుని చింపండి."

రోజులు మెల్లగా నడిచాయి. పొద్దుటి పొగమంచులో పాకా, గుర్రమూ, కంచె ఒకదాంట్లో ఒకటి కరిగిపోయేవి. మామ దాని డొక్క మీద అరచెయ్యి ఆనించి ఊపిరులు లెక్కపెట్టేవాడు. మొదటివారం తేడా లేదు. రెండోవారం ముక్కుపుటాలు కాస్త సర్దుకున్నాయి. ఆయన పెదవులు లెక్క మరిచిపోయి ప్రార్థనలోకి జారిపోయేవి, మళ్లీ మొదలుపెట్టేవాడు.

నెలాఖరున మేనేజరు వచ్చి, ఒక చిన్నపిల్లను ఎక్కించి, మూడుసార్లు తిప్పమన్నాడు. మామ కళ్లెం పట్టుకున్నాడు. మొదటిచుట్టు. రెండోచుట్టు. మూడోచుట్టులో గుర్రం తల వంచింది. మామ కళ్లెం బిగించి పట్టుకున్నాడు. అది ఒక్కసారి గట్టిగా చీది, తల ఎత్తి మళ్లీ నడిచింది.

"ఉండనీ మామా," అన్నాడు మేనేజరు. "చిన్నపిల్లలకు నడకవరకే. కానీ ఇక గుర్రపుశాలలోకి తేవద్దు. ఎంత చలైనా సరే."

"ఎంత చలైనా," అన్నాడు మామ. ఆ రెండు మాటలూ ఆయన నోట్లోంచి కష్టంగా వచ్చాయి.

మధ్యాహ్నానికి గాలి లేచింది, సన్నటి తుంపర మొదలైంది. పాకలో చోటున్నా గుర్రం బయటికొచ్చి, గాలికి ఎదురుగా ముఖం పెట్టి, కళ్లు మూసుకుని నిలబడింది. జూలు ఎగురుతోంది. డొక్కలు తీరిగ్గా లేస్తున్నాయి, దిగుతున్నాయి. మామ దాని పక్కనే తడుస్తూ నిలబడ్డాడు, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని.