మొగ్గ వేయని ఆప్రికాట్

ఉత్తరాది యాత్రలో మంచుకొండల మీద చూసిన ఆప్రికాట్ పూలను, చూపు పూర్తిగా పోకముందే ఇంట్లో మళ్లీ చూడాలన్నారు మా ఆయన. బోన్సాయ్‌కి పనికొచ్చే మొక్క కోసం మాఘ పౌర్ణమినాడు కడియం నర్సరీకి వెళ్లి, పదకొండు మొక్కల్ని టేపుతో కొలిచాను. మొదలు అంగుళంన్నర లావుండి, అంటుకట్టిన చోటు మట్టికి దగ్గరగా ఉన్నదాన్ని ఎంచాను.

"పెళ్లిసంబంధం చూసినట్టు చూసేరండి అమ్మగారూ," అని నర్సరీ ఆయన నవ్వాడు.

రెండు శీతాకాలాలు గడిచినా మొగ్గ రాలేదు. మళ్లీ వెళ్లి అడిగాను.

"దానికి గట్టి చలుండాలండి. మీ కోనసీమలో పూయదండి. మీరడగలేదు కదండీ."

నిజమే, ఆ ఒక్కటీ అడగలేదు.

ఇంటికి వచ్చేసరికి, "మొగ్గేసిందేమే?" అన్నారు మా ఆయన. అప్పటికి ఆయన కళ్లకు వెలుతురు తప్ప ఏమీ ఆనడం లేదు.

"మూడు వేసిందండీ."

"ఏదీ," అని చెయ్యి చాపారు.

ముట్టుకుంటే రాలిపోతాయని చెప్పి, ఆ చేతిని నా చేతుల్లోకి తీసుకున్నాను.