జుమ్రెత పట్టుకొచ్చిన సాక్షి

మా ఊళ్ళో జుమ్రెత ఎదురుపడితే జనం పక్కకు తప్పుకుంటారు. ఆవిడ నోరంటే అంత భయం. బోస్నియా యుద్ధంలో ఆవిడ మా ఊరివాళ్ళున్న సైనిక బ్రిగేడ్‌కు వంటమనిషి. బీన్స్ పులుసు గిన్నె వీపుకు కట్టుకుని, గుండ్లు పడుతున్నా కొండమీది కందకాలదాకా ఎక్కేది. యుద్ధం ముగిశాక, గరిటె ఆయుధం కాదు పొమ్మని ఆవిడను మాజీ సైనికుల్లో చేర్చలేదు. అప్పటినుంచి పింఛను అందనివాళ్ళనీ, వైద్యం దొరకనివాళ్ళనీ వెంటేసుకుని ఆఫీసుల చుట్టూ తిరుగుతోంది. సాయం చేస్తూనే తిడుతుంది. "కాలు పోయింది సరే, నోరు కూడా పోయిందా? అడగవేం?" అంటుంది. నాకో పాత వ్యాను ఉంది కాబట్టి, పట్నం వెళ్ళాల్సి వస్తే నన్ను లాక్కుపోతుంది.

షెవాల్ కోసం వెళ్ళినప్పటి సంగతి ఇది.

షెవాల్ తలలో ఫిరంగి గుండు ముక్కలున్నాయి. నొప్పి మొదలైతే వెలుతురు భరించలేడు. కిటికీలకు దుప్పట్లు కట్టుకుని, గోడకు తల బాదుకుంటాడు. సైనికుల ఆస్పత్రిలో చేర్చుకోవాలంటే ఆ గాయం యుద్ధంలోనే తగిలిందని రుజువు కావాలి. బ్రిగేడ్ రికార్డులు తగలబడిపోయాయి. మాజీ సైనికుల సంఘం అధ్యక్షుడు రిఫెత్ ధ్రువీకరిస్తే సరిపోయేది, కానీ అతనికి షెవాల్ అంటే కడుపుమంట. కందకం మొహం చూడని బావమరుదులందరినీ రిఫెత్ కాగితాలమీద మాజీ సైనికుల్ని చేశాడని షెవాల్ ఒక శుక్రవారం మసీదు వాకిట్లో అందరి ముందూ కడిగేశాడు మరి. ఆ మర్నాటినుంచే, షెవాల్‌ది యుద్ధంలో తగిలిన దెబ్బ కాదు, ఇంట్లో గ్యాసు బండ పేలి తగిలిందని ఊళ్ళో పుకారు పుట్టింది. ఎవరు పుట్టించారో అందరికీ తెలుసు.

జుమ్రెత రిఫెత్ ఆఫీసుకు వెళ్ళినప్పుడు నేను గుమ్మంలోనే ఉన్నాను. అతను కుర్చీలోంచి లేవలేదు.

"వాడు ఉన్నానంటున్న దళంలో ఇప్పుడు బతికున్నది హుస్నియ ఒక్కడేనక్కా. వెళ్ళి వాణ్ణి అడుగు సాక్ష్యం. గొడ్డలి పుచ్చుకుని తరుముతాడు" అని నవ్వాడు.

"ఆ కొండమీద అందరికీ నా చేత్తోనే వడ్డించాను. నీకు ఒక్క గరిటె పోసినట్టు కూడా గుర్తులేదు రిఫెత్" అంది జుమ్రెత. అతని నవ్వు ఆగిపోయింది.

హుస్నియ గురించి రిఫెత్ చెప్పింది మాత్రం నిజమే. షెవాల్‌కు గాయమైన రాత్రి కందకంలో అతనే కావలి ఉన్నాడు. శత్రువులు దగ్గరికొచ్చి గుండ్లు వేసేదాకా ఎవరికీ తెలియలేదు. హుస్నియ తమ్ముడు చనిపోయాడు. షెవాల్ నిద్రపోయాడని హుస్నియ నమ్మకం. ముప్పయ్యేళ్ళుగా షెవాల్ కనిపిస్తే రోడ్డుమీద ఉమ్మేస్తాడు.

మేం వెళ్ళేసరికి అతను పెరట్లో కట్టెలు కొడుతున్నాడు. నన్ను వ్యాను దగ్గరే ఆపి జుమ్రెత లోపలికి నడిచింది. షెవాల్ పేరు వినగానే హుస్నియ గొడ్డలి మొద్దులో దిగ్గొట్టాడు.

"వాడి పేరు నా పెరట్లో ఎత్తకు."

"ఎత్తుతాను. వాడు కందకంలో లేనే లేడని రిఫెత్ ఊరంతా చాటుతున్నాడు. వాడక్కడ లేకపోతే నువ్విన్నేళ్ళూ ఎవణ్ణి తిడుతున్నట్టు? నీ తమ్ముడు గ్యాసు బండకు పోయాడా?"

హుస్నియ ఆవిడ మీదికి రెండడుగులు వేశాడు. కొడతాడేమో అనుకుని నేను గేటు తీశాను. అతను వెనక్కి తిరిగి మొద్దులోంచి గొడ్డలి పెరుకుతూ, సాక్ష్యానికి ఎప్పుడు రావాలో చెప్పి తగలడమన్నాడు.

ప్రయాణంలో హుస్నియ ముందు సీట్లో కూర్చున్నాడు. వెనక షెవాల్, టోపీ కళ్ళమీదికి లాక్కుని. ఆస్పత్రిలో చేర్చుకోవాలో వద్దో తేల్చే వైద్యుల కమిటీ ముందుకు సంఘం తరఫున రిఫెత్ కూడా వచ్చాడు. షెవాల్ కందకంలో లేడని మర్యాదగా, విచారంగా చెప్పాడు.

హుస్నియ లేచాడు. "ఉన్నాడు. కావలి ఉండి నిద్రపోయాడు. మా తమ్ముణ్ణి చంపిన గుండు ముక్కలే వీడి తలలో ఉన్నాయి. వీణ్ణి భుజాన వేసుకుని కిందికి దించింది నేనే. తర్వాత చాలాసార్లు అనుకున్నాను, ఎందుకు దించానా అని. రాసుకోండి. నిద్రపోయాడన్నది కూడా రాయండి."

"నేను నిద్రపోలేదు" అన్నాడు షెవాల్. ఆ మాట రాస్తే సంతకం పెట్టనని లేచి నిలబడ్డాడు. జుమ్రెత అతని చొక్కా పట్టుకుని కుర్చీలో కూలేసింది.

కమిటీ పెద్ద, నెరిసిన జుట్టావిడ, గాయం ఎక్కడ తగిలిందన్నదే తమకు కావాలని, నిద్ర సంగతి తమది కాదని కలం పక్కన పెట్టింది. హుస్నియ ఒప్పుకోలేదు. చెప్పింది చెప్పినట్టు రాయకపోతే సాక్ష్యమే వెనక్కి తీసుకుంటానన్నాడు. చివరికి రాశారు. షెవాల్ చేతికి జుమ్రెత కలం ఇచ్చి, చెవిలో ఏదో అంది. అతను ఏడుస్తూ సంతకం పెట్టాడు. రిఫెత్ అప్పటికే వెళ్ళిపోయాడు.

వచ్చేటప్పుడు హుస్నియ వ్యాను ఎక్కలేదు. వాడి పక్కన ఒకసారి కూర్చున్నదే ఎక్కువ అని బస్టాండు వైపు నడిచాడు.

షెవాల్‌ను ఆస్పత్రిలో చేర్చుకున్నారు. ముక్కలు తీయడం కుదరదన్నారు గానీ, మందులతో నొప్పి అదుపులోకి వచ్చింది. ఇంటికొచ్చాక కిటికీల దుప్పట్లు కొన్ని రోజుల్లో తీసే ఉంటున్నాయి. జుమ్రెతతో మాత్రం అతను మాట్లాడడు. నిద్రపోయాడన్న మాట తన పేరుమీద సర్కారు కాగితం ఎక్కడానికి కారణం ఆవిడేనట. రిఫెత్‌ను సంఘంవాళ్ళు మళ్ళీ అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు. తననూ మాజీ సైనికుల్లో చేర్చమని జుమ్రెత పెట్టుకున్న అర్జీ మళ్ళీ తిరిగొచ్చింది.

ఇంతకీ షెవాల్ నిద్రపోయాడా అని ఒకసారి వ్యానులో ఆవిడనడిగాను.

"రోజుల తరబడి కునుకు లేనివాళ్ళని కావలి పెట్టారు. పులుసు తాగుతూ గిన్నెలోనే తల వాల్చేవాళ్ళు. వాడు నిద్రపోయాడో లేదో దేవుడికి తెలుసు. నేను వాడికి మందు అడిగాను, మెడల్ కాదు" అంది.

తర్వాత, గోతులన్నీ వెతుక్కుని మరీ నడుపుతున్నావని నన్ను తిట్టడం మొదలుపెట్టింది. వెనక సీట్లో, ఒక చెవి వినపడని మరో ముసలి సైనికుడు, ఆ చెవినే ఆవిడవైపు తిప్పి, పట్నందాకా చిరునవ్వుతో కూర్చున్నాడు.