శౌరి ఆర్ట్స్, హైదరాబాద్

కంకిపాడు దగ్గర కాలవగట్టు మీద దానమ్మ ఇడ్లీ బండి, బండి పక్కన ఒక నీలం స్టూలు. పొద్దున్న ఏడింటికి ఆ స్టూలు మీద శౌరయ్య కూర్చుంటాడు. కూర్చున్నాడో లేదో, అడగకుండానే నాలుగు ఇడ్లీలు, కాస్త కారప్పొడి వేసి చేతికిస్తుంది దానమ్మ. "తిను అన్నయ్యా, సల్లారిపోతాది" అంటుంది. రోజు మొత్తం మీద శౌరయ్యతో ఎవరైనా ఆప్యాయంగా మాట్లాడే మాట అదొక్కటే. దాని కోసమే ఆయన రాత్రంతా పడుకుని లేస్తాడంటే నమ్మండి.

శౌరయ్య గోడల మీద రాతలు రాసేవాడు. పుట్టింది ఈ ఊళ్ళోనే, చర్చి వెనక వీధిలో. పద్దెనిమిదేళ్ళకు హైదరాబాదు వెళ్ళాడు. ముప్ఫై మూడేళ్ళు అక్కడి గోడలు రాశాడు. రాష్ట్రం విడిపోయింది, ఆ మరుసటి ఏడు భార్య మణెమ్మ పోయింది. పిల్లాజెల్లా లేని మనిషి, సొంత ఊరే నయమనుకుని రంగు డబ్బాలతో సహా వచ్చేశాడు. వచ్చాక చూస్తే, తనను ఎరిగినవాళ్ళలో సగంమంది సమాధుల తోటలో ఉన్నారు. మిగతా సగానికి మతిమరుపు. ఇక ఊరు తీరిగ్గా ఆలోచించి ఆయనకొక పేరు పెట్టింది: హైదరాబాదు శౌరయ్య. పాలకేంద్రం దగ్గరా అదే, మంగలి షాపులోనూ అదే. చివరికి చర్చిలో కూడా "ఆ హైదరాబాదాయన్ని కాస్త వెనక్కి జరగమనండి" అన్నారు. తను బాప్తిస్మం తీసుకున్న చర్చి అది!

ఇలాంటి పేర్ల సంగతి శౌరయ్యకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. సగం ఆయన చేత్తో రాసినవేగా. పని నేర్పిన గురువు పాతబస్తీ పెయింటరు, పంతొమ్మిది వందల యాభై రెండులో గోడల మీద "నాన్ ముల్కీ గో బ్యాక్" రాసినవాళ్ళను కళ్ళారా చూసినవాడు. ముల్కీ అంటే ఆ గడ్డ మీది మనిషి. నాన్ ముల్కీ అంటే బయటినుంచి వచ్చి అతని కొలువు తన్నుకుపోయేవాడు. "ముందది నౌకరీల మాటరా శౌరీ. గోడెక్కినాక తిట్టయింది" అనేవాడు గురువు. "ఇడ్లీ సాంబార్ గో బ్యాక్" అని కూడా అరిచారట. పాపం, ఇడ్లీ ఏం చేసిందో!

ఆ తర్వాత సెట్లర్ అనే మాట వచ్చింది. వచ్చి స్థిరపడినవాడని అర్థం, తిట్టేమీ లేదు. కానీ ముప్ఫై ఏళ్ళ తర్వాత కూడా సెట్లరే అన్నారంటే, నువ్వింకా స్థిరపడలేదని చెప్పడమేగా. తెలంగాణ ఉద్యమం రోజుల్లో కూకట్‌పల్లిలో ఒక ప్రహరీ మీద "ఆంధ్రోళ్ళు గో బ్యాక్" అని కూడా రాశాడు శౌరయ్య. రాయించినవాళ్ళ కడుపుమంట ఉత్తిది కాదని ఆయనకు తెలుసు. ఇంటికొచ్చాక మణెమ్మ అడిగింది, "ఇవ్వాళ ఏం రాశావయ్యా?" అని. "నా గురించే" అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. నవ్వడానికి అప్పుడు ఇద్దరుండేవారు.

గురువు పెట్టిన నియమం ఒకటుంది. పొగిడే రాత రాస్తే కింద కుడి మూల నీ పేరు పెట్టుకో, తిట్టే రాత రాస్తే పెట్టకు. శౌరయ్య అది ఏనాడూ తప్పలేదు. పొగిడిన ప్రతి గోడ మీదా "శౌరి ఆర్ట్స్, హైదరాబాద్" అని ఉంటుంది. తిట్టిన గోడలు మాత్రం ఎవరివో ఎవరికీ తెలియదు.

రెండువేల ఇరవై ఒకటిలో పంచాయతీ ఎన్నికలొచ్చాయి. కాలవగట్టు వార్డు ఆడవాళ్ళకు కేటాయించారు. రైతు కుటుంబం నుంచి సీతారావమ్మ గారు నిలబడ్డారు. కుళాయి నీళ్ళ కోసం నాలుగేళ్ళు పంచాయతీ ఆఫీసు చుట్టూ తిరిగి సాధించింది దానమ్మ గనక, వీధివాళ్ళు ఆమెను కూడా నిలబెట్టారు. గ్యాస్ పొయ్యి గుర్తు. దానమ్మది టెక్కలి వైపు. మొగుడు ఇబ్రహీంపట్నం కరెంటు ప్లాంటులో కూలి చేసేవాడు, అతను పోయాక పన్నెండేళ్ళ కిందట ఇక్కడికొచ్చి బండి పెట్టుకుంది.

ఒక మధ్యాహ్నం సీతారావమ్మ గారి అబ్బాయి సిద్ధార్థ శౌరయ్య గదికి వచ్చాడు.

"బాబాయ్, ఫ్లెక్సీలు ఎవడైనా వేయిస్తాడు. గోడ రాతంటే దాని లెక్కే వేరు. నువ్వు మన ఊరోడివి. మన ఊరి మాట నువ్వు రాస్తేనే బాగుంటది" అన్నాడు.

మన ఊరోడివి! ఆరేళ్ళలో ఆ మాట అన్నవాడు లేడు. శౌరయ్య లేచి అతనికి కుర్చీ వేశాడు. సిద్ధార్థ ఇచ్చిన కాగితం తర్వాత చూశాడు. "వలసపక్షి మనకొద్దు, ఊరి ఆడపడుచే ముద్దు." గోడ ఏదంటే, దానమ్మ బండికి సరిగ్గా ఎదురుగా ఉన్న పాత రైసుమిల్లుది.

అర్థం కాక రాశాడని నేను అబద్ధం చెప్పను. అంతా అర్థమైంది. కాదనొచ్చు కూడా. కానీ కాదంటే మళ్ళీ హైదరాబాదు శౌరయ్యే. మాట వాళ్ళది, చెయ్యి మాత్రమే నాది అనుకున్నాడు. ఎలాగూ తిట్టుకు పేరు పెట్టేది లేదు, దానమ్మకెలా తెలుస్తుందిలే అనుకున్నాడు. దొంగకు కావలసినంత ధైర్యం తెచ్చుకున్నాడన్నమాట.

దానమ్మ వీధి వీధీ ఓట్లడగడానికి వెళ్ళిన వేళ చూసి గోడకు సున్నం కొట్టాడు. ఆరాక నీలిమందు అద్దిన తాడు పట్టి, అక్షరాలు వంకర పోకుండా గీతలు వేశాడు. ఎర్ర అక్షరాలు, నల్ల నీడ. చాన్నాళ్ళకు చెయ్యి ఆడింది. జనం ఆగి ఆగి చూశారు. "మన శౌరయ్య చెయ్యి చూడండ్రా!" అని సిద్ధార్థ పదిమందిలో అరిచాడు. ఆ సంతోషంలో శౌరయ్యకు ఒళ్ళు తెలియలేదు. కుంచె దానంతటదే కుడి మూలకు పోయింది.

తెల్లారేసరికి వీధంతా నవ్వుతోంది. పైన చూస్తే "వలసపక్షి మనకొద్దు." కింద చూస్తే "శౌరి ఆర్ట్స్, హైదరాబాద్."

సిద్ధార్థ మొహం కందగడ్డయింది. "పరువు తీశావు గదయ్యా! హైదరాబాదోడితో పెట్టుకుంటే ఇంతే. ఆ కింది ముక్క చెరిపెయ్, చాలు" అన్నాడు. బాబాయ్ అన్న పిలుపు ఒక్క రాత్రికే అరిగిపోయింది.

శౌరయ్య తిరిగి చూస్తే దానమ్మ పొయ్యి దగ్గర నిలబడి ఉంది. అరవలేదు, తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"ఆరేళ్ళబట్టి నాకాడ తింటన్నావు అన్నయ్యా. నిన్ను హైదరాబాదోడని నేను ఒక్కనాడైనా అన్నానేటి?"

లేదు. అననిది ఆమె ఒక్కతే. శౌరయ్య గదికి నడిచాడు. బకెట్లో సున్నం కలుపుకొచ్చి, పైవరస మొదటి అక్షరం నుంచి కొట్టడం మొదలుపెట్టాడు. ఎరుపు పైకి తేలుతుంటే రెండోసారి, మూడోసారి కొట్టాడు. సిద్ధార్థ కేకలు వేస్తూనే ఉన్నాడు. శౌరయ్య వినిపించుకోలేదు. సాయంత్రానికి గోడంతా తెల్లగా అయింది. కుడి మూల తన పేరు, పక్కన హైదరాబాదు పేరు మాత్రం ముట్టుకోలేదు. అది తనకు తాను వేసుకున్న శిక్ష.

మర్నాడు ఏడింటికి వెళ్ళి నీలం స్టూలు మీద కూర్చున్నాడు. రావద్దనుకున్నాడు గాని, వెళ్ళడానికి ఇంకో చోటు లేదు. ఆవిరి ఎప్పటిలాగే లేస్తోంది. ప్లేటు మాత్రం రాలేదు. కాసేపటికి దానమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి ఎదురుగా నిలబడింది. బందరు బస్సు దిగి వచ్చే కొత్తవాళ్ళను అడిగినట్టే, మర్యాదగా అడిగింది.

"ఏం కావాలండీ?"

"నాలుగిడ్లీ" అన్నాడు శౌరయ్య. ఆరేళ్ళలో ఆ బండి దగ్గర ఆయన అడిగి తినడం అదే మొదలు.