మలుపు దగ్గర ఎక్కేవాళ్ళు

పోయిన వారం పొద్దున్నే పేపరు చదవడం ముగించి కళ్ళజోడు తుడుచుకుంటూ ఉండగా, మా అమలాపురం ఇంటి గేటు దగ్గర ఒక అమ్మాయి నిలబడి లోపలికి రావచ్చునా అని అడిగింది. మెడలో కార్డూ చేతిలో ఫోనూ చూసి ఏ బ్యాంకు తరఫునో వచ్చిందనుకున్నాను. కాదట. కోనసీమలో బస్సులూ, రేవులూ, వంతెనలూ, ఎన్నాళ్ళుగానో వస్తోంది వస్తోంది అంటున్న రైలూ, అన్నీ కలిపి ఒక కొత్త ప్రణాళిక వేస్తున్నారట. అందుకని ఇంటింటికీ తిరిగి ఎవరు ఎక్కడికి, ఎందులో, ఎన్నిసార్లు వెళ్తారో రాసుకుంటున్నారట. ఆ మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఎండన పడి వచ్చిన పిల్లని ఫ్యాను కింద కూర్చోబెట్టి, మా ఆవిడని కాఫీ పెట్టమన్నాను.

మా ఆవిడ కాఫీతో పాటు నా చరిత్ర కూడా పట్టుకొచ్చింది. “ఈయన కూడా ఇదే పని చేసేరమ్మా. ఈ చుట్టుపక్కల తిరిగే బస్సులు సగం ఈయన లెక్కలు కట్టి వేయించినవే,” అని గ్లాసు అందిస్తూ చెప్పింది. ఆ అమ్మాయి గ్లాసు పుచ్చుకోబోతూ మర్యాదగా లేచి నిలబడింది. నేను తల వంచుకుని, అదేం లేదమ్మా కూర్చో అన్నాను. ఇద్దరూ దాన్ని వినయం అనుకున్నారు. అది వినయం కాదు, సిగ్గు. ఆ సిగ్గుకీ మా పెళ్ళికీ ఇంచుమించు ఒకే వయసు. ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పుకోలేదు. నా ఈడువాళ్ళు చదువుతారన్న ధైర్యంతో ఇప్పుడు రాస్తున్నాను.

నేను ఉద్యోగంలో చేరింది బస్సులెక్కే జనాన్ని లెక్కపెట్టే గుమాస్తాగా. ఇది కూడా ఒక ఉద్యోగమేనా అని మా నాన్నగారు చాలాకాలం నమ్మలేదు. ఏ రూటులో బస్సు ఉంచాలో, ఏ రూటులో పెంచాలో, ఏ ట్రిప్పు దారి మార్చాలో తేల్చడానికి మమ్మల్ని ఊరూరా పంపించేవారు. ఒక అట్ట, దానికి క్లిప్పు పెట్టిన కాగితాలు, పెన్సిలు, గొడుగు, అంతే మా సరంజామా. ఒక్కొక్కరు ఎక్కగానే ఒక నిలువు గీత, నాలుగు గీతలయ్యాక అడ్డంగా ఇంకొకటి. సఖినేటిపల్లి రేవులో పంటు దిగేవాళ్ళని లెక్కపెట్టడానికి వేసినప్పుడైతే, సైకిళ్ళ మధ్యనుంచీ, అరటిగెలల మధ్యనుంచీ, నరసాపురం నుంచి కొత్తగా కాపురానికి వస్తున్న పెళ్ళికూతురి బంధుబలగం మధ్యనుంచీ గీతలు గీసుకుంటూ, ఈ జనమంతా నా కాగితం మీదుగానే నది దాటుతున్నారన్నంత గొప్పగా ఫీలయ్యేవాణ్ణి. పైగా నా కాగితాలు చాలా శుభ్రంగా ఉండేవి. కొట్టివేతలు ఉండేవి కావు, మరకలుండేవి కావు. మా ఆఫీసరుగారు నా కాగితం ఎత్తి పట్టుకుని మిగతా గుమాస్తాలకి చూపించేవారు. ఆ మెచ్చుకోలే నా కొంప ముంచిందని ఇప్పుడు అనిపిస్తుంది.

అల్లవరం అవతల సముద్రానికి దగ్గర్లో ఉన్న ఒక ఊరికి మూడు రోజుల లెక్క కోసం నన్ను పంపించారు. ఆ ఊరి నుంచి తెల్లవారుతూ బయల్దేరి అమలాపురం వచ్చే మొదటి ట్రిప్పుని అక్కడే ఉంచాలా, లేక అమలాపురం వైపు ముందున్న ఊరి నుంచి బయల్దేరదీసి, చదువుకునే పిల్లలు ఎక్కువగా ఉన్న ఇంకో రోడ్డు మీదుగా తిప్పాలా అన్నది ప్రశ్న. ఆ ఊళ్ళో మాకు దూరపు వరసలో ఒక మావయ్యగారు ఉండేవారు. కొబ్బరితోటలూ, వరిచేలూ ఉన్న కుటుంబం. బస్సు స్టాపు సరిగ్గా ఆయన గేటు ముందే. రోడ్డు వేసినప్పుడు వాళ్ళ నాన్నగారు కొంత స్థలం ఇచ్చారని అక్కడ పెట్టారట. నేను ఆ రోడ్డు మీద గొడుగేసుకుని నిలబడతానంటే మావయ్యగారు ఊరుకుంటారా? అరుగు మీద పడకకుర్చీ వేయించి, ఇక్కడినుంచి బస్సు కనబడదా ఏమిటండీ అల్లుడుగారూ అని కూర్చోబెట్టారు. అల్లుడుగారూ అనడం వరసకే అయినా, ఆ ఇంట్లో పెళ్ళికి ఎదిగిన అమ్మాయి ఉందని నాకూ తెలుసు, నాకు తెలుసని వాళ్ళకీ తెలుసు.

మొదటి రోజు తెల్లవారుతూ బస్సు వచ్చింది. గేటు ముందు ఎక్కింది ఇద్దరు ముగ్గురు. గీతలు గీశాను. బస్సు కదిలి, కాస్త దూరంలో కాలవ మలుపు దగ్గర మళ్ళీ ఆగిన చప్పుడు వినిపించింది. ఆడవాళ్ళ కేకలు, టాపు మీద గంపలు పెడుతున్న చప్పుడు, కండక్టరు కసుర్లు, ఇదంతా చాలాసేపే సాగింది. ఎవరండీ అని అడిగితే, “వాళ్ళు చేపలోళ్ళు లెండి, ఇక్కడ ఎక్కరు,” అన్నారు మావయ్యగారు మామూలుగా. వాళ్ళ నాన్నగారి కాలంలో, పొద్దున్నే ఇంటి ఎదురుగా చేపల గంపలు దించవద్దని ఎవరో అన్నారట. ఆ పెద్దాయన పోయారు, అన్నవాళ్ళు పోయారు, ఇప్పుడు ఎవరూ ఏమీ అనడం లేదు, అయినా వాళ్ళు మలుపు దగ్గరే ఎక్కుతారు. ఆ మలుపు టిక్కెట్ల లెక్కలో స్టేజీ కాదు కనుక కండక్టరు వాళ్ళకి ముందున్న ఊరి నుంచే టిక్కెట్లు కొట్టేవాడు. అంటే ఆఫీసు లెక్కల్లో వాళ్ళు ఆ ఊరివాళ్ళే కారు. వాళ్ళని ఉన్నచోట ఉన్నట్టు చూపించగలిగింది ఒక్క నా కాగితమే. ఆ సంగతి ఆ వేళే నాకు అర్థమైంది. అర్థం కాలేదని చెప్పుకోవడానికి వీల్లేదు.

రెండో రోజు మధ్యాహ్నం పెరట్లో చేతులు కడుక్కుంటూ ఉండగా, అమలాపురం బజారు చూసుకుని తిరిగొచ్చిన ఒకావిడ దొడ్డిగుమ్మం దగ్గర గంప దించింది. మా అత్తయ్యగారికని విడిగా దాచిన పండుగప్ప చేప ఇచ్చి, నా వైపు తిరిగింది. మా అమ్మకన్నా కొంచెం చిన్నదై ఉంటుంది. “బాబుగారండీ, బస్సెక్కేవోళ్ళని రాత్తన్నారంట గదండీ. మేం ఎక్కేది మలుపు కాడండి. మమ్మల్ని కూడా రాసుకోండి. ఆ బస్సు లేపోతే మాకు బజార్లో చోటు దక్కదండి,” అంది. పొద్దెక్కాక వెళ్తే కూర్చునే చోటు వేరేవాళ్ళు ఆక్రమిస్తారు, చేప మెత్తబడుతుంది, ఆ రోజుకి అంతే సంగతులు. నేను తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ, ఆయ్, అలాగేనండీ, రేపు పొద్దున్న మలుపు దగ్గరికే వస్తానన్నాను. ఆ రాత్రి భోజనంలో ఆ పండుగప్ప పులుసే వడ్డించారు. మారు వడ్డించుకున్నాను కూడా.

మూడో రోజు వెళ్ళలేదు. వెళ్ళకపోవడానికి పెద్ద కారణం ఉంటే బాగుండేది. రాత్రి వాన పడి గట్టు బురదగా ఉంది, అది ఒకటి. చేపల గంపల మధ్య అట్ట పట్టుకుని నిలబడితే మావయ్యగారు ఏమనుకుంటారోనన్నది ఇంకొకటి. అసలు సంగతి ఏమిటంటే, రెండు రోజులుగా అత్తయ్యగారు స్వయంగా తెస్తున్న కాఫీని ఆ పొద్దున్న మొదటిసారి వాళ్ళ అమ్మాయి చేత పంపించారు. గ్లాసు అరుగు చివర పెట్టి, నా అట్ట వంక ఒకసారి చూసి, ఎంత చక్కగా గీసేరండీ అని లోపలికి వెళ్ళిపోయింది. అంతే. నేను ఆ కుర్చీలోంచి లేవలేదు. బస్సు వచ్చింది, గేటు ముందు ఇద్దరో ముగ్గురో ఎక్కారు, మలుపు దగ్గర ఆగింది, గంపలు చప్పుడయ్యాయి, నేను కాఫీ తాగుతూ విన్నాను.

నాలుగో రోజు అదే బస్సులో తిరుగు ప్రయాణం. మలుపు దగ్గర వాళ్ళంతా ఎక్కారు. నిన్న రాలేదేమని ఆవిడ నిలదీస్తుందనుకున్నాను. నిలదీయలేదు. వాళ్ళు అంతమంది కనక దూరం నుంచైనా చూసి రాసుకుని ఉంటాననుకుందేమో, నన్ను చూసి మొహం విప్పారించుకుని, “రాసేరా బాబుగారండీ?” అంది. “ఆయ్, రాసేనండీ,” అన్నాను. ఆవిడ వెనక్కి తిరిగి, బాబుగారు రాసేరంట అని మిగతావాళ్ళకి చెప్పింది. ఒకరిద్దరు దణ్ణం పెట్టారు. టాపు మీద చోటు చాలక ఒక గంప లోపలికి తెచ్చారు. దాని నీళ్ళు కారి నా కాగితాల మీద పడతాయేమోనని ఆవిడ దాన్ని తన కాళ్ళ మధ్యకి లాక్కుని, చీర కుచ్చెళ్ళు తడుస్తున్నా అమలాపురం దాకా అలాగే కూర్చుంది. ఒళ్ళో కాగితాలున్నాయి, జేబులో పెన్సిలుంది, వాళ్ళందరూ కళ్ళెదుట ఉన్నారు. అప్పుడైనా లెక్కపెట్టి గీతలు గీసి, పక్కన నాలుగు ముక్కలు రాసి ఉండవచ్చు. కానీ మూడు రోజుల కాగితాలూ అప్పటికే పూర్తి చేసి, కింద సంతకం కూడా పెట్టేశాను. ఒక్క కొట్టివేత లేకుండా ఎంతో అందంగా ఉన్నాయి.

కొన్నాళ్ళకి ఆ మొదటి ట్రిప్పు దారి మారింది. ముందున్న ఊరి నుంచి బయల్దేరి, చదువుకునే పిల్లల రోడ్డు మీదుగా తిరగడం మొదలెట్టింది. మంచి మార్పని అందరూ అన్నారు, ఆ పిల్లలకి నిజంగా మంచే జరిగింది. నా ఉద్యోగం ఖాయమైంది. అరుగు మీది సంబంధం కూడా ఖాయమైంది.

మా పెళ్ళికి మాట్లాడుకున్న బస్సు తెల్లవారుజామున ఆ ఊరి వైపు వెళ్తూ ఉండగా, ఎదురుగా కాలవ గట్టు మీద వరసగా గంపలు నడిచొస్తున్నాయి. ముందున్న ఊళ్ళో బస్సు అందుకోవాలని చీకటినే బయల్దేరి, అంత బరువు నెత్తిన పెట్టుకుని పరుగులాంటి నడక నడుస్తున్నారు. దారి ఇరుకు కావడం వల్ల మా బస్సుకి చోటివ్వడానికి వాళ్ళు గట్టు పక్కకి, తడి గడ్డిలోకి దిగి నిలబడ్డారు. డ్రైవరు నెమ్మదిగా పోనిస్తున్నాడు. ఆవిడ కిటికీలోంచి నన్ను గుర్తుపట్టింది. బుగ్గన చుక్కతో కూర్చున్న నన్ను చూసి నవ్వి, “తమరు రాసేరండి, పైవోళ్ళే కొట్టేసుంటారు,” అంది. నా మనసు నొచ్చుకుంటుందేమోనని నన్నే ఓదార్చింది. మా బాబాయిగారు ఎవర్రా ఆవిడ అని అడిగితే, తెలియదన్నాను. పీటల మీద కూర్చుని మంత్రాలు చెబుతున్నంతసేపూ ఆ మాటే వినిపించింది.

ఇంత జరిగాక కూడా సరిదిద్దుకునే అవకాశం రాకపోలేదు. కొన్నేళ్ళకి రూట్లు చూసే సీటే నాకిచ్చారు. ఆ ట్రిప్పుని తిరిగి ఊరి చివరిదాకా పంపాలని ఒక్క కాగితం పెడితే చాలు. కానీ ఎందుకని అడిగితే పాత ఫైలు తీయాలి, తీస్తే అందులో నా సంతకంతో ఆ అందమైన కాగితాలు బయటికొస్తాయి. ఈ ఏడు కాదు పై ఏడు చూద్దాంలే అనుకుంటూ గడిపేశాను. ఆ సీట్లో ఉండగా మంచి పనులు చాలానే చేశాను, చేయలేదని అనను. కొత్త ఊళ్ళకి బస్సులు వేయించాను, రేవు దిగినవాళ్ళకి బస్సు అందేలా వేళలు మార్పించాను. ఆ ఒక్క మలుపు జోలికి మాత్రం వెళ్ళలేదు. ఒకసారి అత్తవారింటికి వెళ్ళినప్పుడు, పులుసులో చెరువు చేప చూసి, ఆవిడ రావడం లేదా అని మాటవరసకి అడిగాను. మోకాళ్ళు పట్టేసి మానేసిందండీ, నడవలేకపోయింది పాపం అన్నారు అత్తయ్యగారు. మా ఆవిడ పక్కనే కూర్చుని ముల్లు తీసుకుంటోంది. నేను అన్నం కలుపుకున్నాను.

ఈ రాత మొదలెట్టినప్పటి నుంచీ చూస్తున్నాను, అందరినీ వరసలు పెట్టి చెబుతున్నాను, మావయ్యగారు, అత్తయ్యగారు, బాబాయిగారు అని. ఆవిడకి ఏ వరసా లేదు. పేరు అడగాలని ఆ రోజుల్లో నాకు తోచనే లేదు.

ఇదంతా ఫోను పట్టుకుని కూర్చున్న ఆ అమ్మాయికి చెప్పలేదు. మా ఆవిడ గుమ్మంలోనే నిలబడి ఉంది. ఒకటి మాత్రం చెప్పాను. అమ్మా, ఆ ఊళ్ళో స్టాపు దగ్గర కాక, కాలవ మలుపు దగ్గర ఎక్కేవాళ్ళు ఉండేవారు, ఇప్పటికీ ఎవరైనా ఉంటే వాళ్ళు మీ లెక్కలో పడరు, అది రాసుకో అన్నాను. ఆ అమ్మాయి ఫోను అటూ ఇటూ జరిపి, స్టాపు పేరు రాస్తే గానీ తీసుకోవడం లేదండీ, ఆ మలుపు పేరేమిటండీ అని అడిగింది. పేరు లేదమ్మా అన్నాను. ఒక నిమిషం ఆలోచించి, ఏదో నొక్కి, ఫోను సంచిలో పెట్టుకుని, ఖాళీ గ్లాసు బల్ల మీద పెట్టి లేచింది. గేటు దాకా వెళ్ళి అడిగాను, రాసేవా అమ్మా అని. “ఆయ్, రాసేనండీ,” అంది నవ్వుతూ.

ఇప్పుడు ఆ ఊరికి ఆటోలు తిరుగుతున్నాయి, మలుపు పక్కనంతా రొయ్యల చెరువులొచ్చాయి, పంటులో గంటలు పట్టే దారుల మీద వంతెనలు లేచాయి. లెక్కలకి అట్టలూ పెన్సిళ్ళూ అక్కర్లేదు, ఒకరు రాసింది క్షణంలో పైవాళ్ళకి చేరిపోతుందట. ఆ అమ్మాయి నిజంగానే రాసి ఉండవచ్చు. నాలాంటిది కాదనే నమ్మాలని ఉంది. కానీ ఆ మాట ఎంత మర్యాదగా, ఎంత తేలిగ్గా అనవచ్చునో నాకు తెలుసు కనక, గేటు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఫోను ఒకసారి చూపించమని అడగడానికి నోరు రాలేదు. ఆ రోజు బస్సులో నా కాగితం చూపించమని ఆవిడ కూడా అడగలేదు.