వానలేని ఏడు, కప్పల కోసం

మా చెల్లెలి కూతురు జంతుశాస్త్రంలో పీజీ చేస్తోంది. మొన్న ఫోన్ చేసి, "నా ప్రాజెక్టుకు కావల్సిన పురుగులు ఈ ఏడు దొరకల్యా పెద్దమ్మా, టాపిక్ మార్చుకోమంటాండారు మా మేడమ్" అని ఏడుపు గొంతుతో చెప్పింది. ఏదో ధైర్యం చెప్పానుగానీ, ఆ పూటంతా నా మనసు ఒకప్పుడు అనంతపురం హాస్టల్ వరండాలో మబ్బుల కోసం చూస్తూ నిలబడిన ఇరవై రెండేళ్ల పిల్ల దగ్గరే ఉండిపోయింది.

మన కాలంలో డిసర్టేషన్ అంటే కార్బన్ కాగితాలూ, టైపు మిషన్ దగ్గర పడిగాపులూ మీకూ గుర్తుండే ఉంటాయి. నేను ఎంచుకున్నది వానలు పడగానే కప్పలు గుడ్లు పెట్టే తీరు. వేరుశనగ వేసే మా నాయనే ఏటా మబ్బును నమ్మి మోసపోతుంటే, ఆ సీమలో వాన మీద పరిశోధన పెట్టుకున్న నన్ను ఏమనాలో మీరే చెప్పండి. జూన్ పోయింది, జూలై పోయింది, నేను చూసుకున్న రాప్తాడు దగ్గరి చెరువు నెర్రెలు విచ్చింది. మా గైడు సారు మంచివారే, కానీ నెలలోగా ఏమీ చూపించలేకపోతే ఈ ఏడు వదులుకోవలసిందేనన్నారు. ఇంకో ఏడు చదివించే శక్తి నాయనకు లేదు.

ఆఖరిసారి చూసి వద్దామని బస్సెక్కి పోతే, చెరువులో కరువు పని కింద పూడిక తీస్తున్నారు. కట్ట మీద కూర్చొని ఏడుస్తున్న నన్ను చూసి, గడ్డపార పట్టుకున్న ఒక అవ్వ పని ఆపి వచ్చింది.

"ఏమ్మా, ఎవురన్నా పోయినారా?"

కప్పలు లేవు అవ్వా, అన్నాను. అవ్వ నవ్వలేదు.

"యాడికి పోతాయి? ఈడే ఉండాయి. వాన లేదని కిందికి దిగి పండుకోనుండాయి. రా, సూపిస్తా."

తుమ్మచెట్టు నీడలో మోకాలి లోతు తవ్వాక చేతికి చల్లగా తడి తగిలింది. అందులో ముడుచుకొని, మట్టిముద్దలాగా ఒక కప్ప. అరచేతిలోకి తీసుకుంటే దాని గొంతు కింద చర్మం మెల్లగా కదిలింది. పుస్తకంలో రెండు వాక్యాలుగా చదివిన సంగతి నా చేతిలో ఊపిరి పీలుస్తోంది.

"సూసినావు కదా, మళ్లా కప్పెట్టు. దాని వాన దానికి రావల్ల" అంది అవ్వ.

ఆ వారమే టాపిక్ మార్చుకున్నాను. గుడ్లు పెట్టే కప్పలు పోయి, కరువును ఓర్చుకునే కప్పలు వచ్చాయి. రెండు నెలలపాటు అవ్వ తన సంగటి ముద్దలో సగం నాకు పెట్టి, తవ్వాల్సిన చోట్లు చూపించేది. నేను లోతు కొలిచి, మట్టిలో తేమ చూసి, రాసుకొని, జాగ్రత్తగా పూడ్చేదాన్ని. వైవాకు వచ్చిన పెద్దాయన, ఎక్కడ తవ్వాలో ఎలా తెలిసిందని మెచ్చుకోలుగా అడిగితే, పరిశీలన వల్ల సార్ అని తడుముకోకుండా చెప్పాను. ఫస్ట్ క్లాసు వచ్చింది.

కృతజ్ఞతల పేజీలో గైడు సారుకూ, ల్యాబ్ అటెండరుకూ, ఆఖరికి టైపిస్టుకూ చోటు దొరికింది. అవ్వకు దొరకలేదు. కూలి మనిషిని తలుచుకుంటే పరిశోధన చిన్నబోతుందనుకున్న వయసు అది. ఆ చెరువు అంచుదాకా ఇప్పుడు ప్లాట్ల రాళ్లు పాతారు, మట్టిలో తేమ చెప్పే మిషన్లు పిల్లల చేతిసంచుల్లోకి వచ్చేశాయి. నేనూ మారాను, ఇప్పుడైతే మొదటి పేజీలోనే ఆమె పేరు రాసేదాన్ని. కానీ ఆ రెండు నెలలూ అవ్వా అవ్వా అని వెంట తిరగడమేగానీ, నీ పేరేమని ఒక్కనాడూ అడగలేదు.